తోడల్లుడి క్లౌడ్

తోడల్లుడి ఎంబ్రాయిడరీ కొట్లో అడుగుపెట్టగానే పెద్దల్లుడికి ఒళ్లు మండింది. అసూయ అని ఒప్పుకోడు గానీ, అసూయే.

పెద్దల్లుడిది ఇరవై రెండేళ్ల కొట్టు. చిన్నల్లుడిది నాలుగేళ్లది. ఇద్దరి పనీ ఒకటే, బట్టల మీద మిషన్‌తో డిజైన్లు కుట్టివ్వడం. పెద్ద ఆర్డర్లన్నీ మాత్రం చిన్నవాడి గుమ్మమే తొక్కుతున్నాయి. ఈమధ్య అత్తగారు కూడా వాణ్నే మెచ్చుకుంటోంది.

"రండి అన్నయ్యా. క్లౌడ్ గురించి మీకు చెప్పమని వదిన ఫోన్ చేశారు," అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడి కొట్లో కంప్యూటర్ మూడు నెలలుగా మూలుగుతోంది. డిజైన్లన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. భార్య పోరు పడలేక వచ్చాడు గానీ నేర్చుకుందామని కాదు.

"క్లౌడ్ అంటే మన ఫైళ్లు ఇంటర్నెట్‌లో వేరేవాళ్ల కంప్యూటర్లలో దాచుకోవడం. అందులో మూడు రకాలన్నయ్యా. ఖాళీ స్థలం అద్దెకి తీసుకుని ఇల్లు మనమే కట్టుకున్నట్టు ఒకటి. ఇల్లు వాళ్లది, సామాను మనది, అది రెండోది. సామానుతో సహా ఇల్లు, అది మూడోది. నాది అదే. ఇక్కడ మిషన్ తగలబడ్డా డిజైన్లు ఎక్కడికీ పోవు. ఎక్కణ్నుంచైనా తెరుచుకోవచ్చు. వాడుకున్నంతకే అద్దె."

పెద్దల్లుడు తలాడించాడు.

ఇంతలో అవతలి గదిలో మిషన్‌కి దారం తెగింది. "ఇప్పుడే వస్తా" అంటూ చిన్నల్లుడు లేచి వెళ్లాడు. కంప్యూటర్‌లో అతని క్లౌడ్ తెరిచే ఉంది.

పెద్దల్లుడు ముందుకు వంగాడు. చిన్నాచితకా ఫోల్డర్లు డజను దాకా ఉన్నాయి. వాటి మధ్య ఒకటి కొండంత ఉంది. దానికి పేరు లేదు, ఓ అంకె అంతే. తెరవబోతే పాస్‌వర్డ్ అడిగింది. రోజూ సాయంత్రం ఆరున్నరకి అందులోకి కొత్త సరుకు చేరుతోంది.

నాలుగేళ్ల కొట్టుకి ఇంత సరుకా? తాళం వేసి మరీ దాచాడంటే వీడి ప్రాణమంతా ఇందులోనే ఉందన్నమాట.

ఇది తప్పని తెలుసు. అయినా ఆగలేదు. తెరవడానికే గానీ చెరపడానికి పాస్‌వర్డ్ అడగలేదు, ఫోల్డర్ చెరిపేశాడు. చెత్తబుట్టలోంచి కూడా తీసి పారేశాడు. చిన్నల్లుడు తిరిగొచ్చేసరికి బుద్ధిమంతుడిలా మంచినీళ్లు తాగుతున్నాడు.

"ఆలోచించి చెప్తాలే తమ్ముడూ," అని లేచాడు. దారి పొడుగునా ఈల వేసుకుంటూ వచ్చాడు.

తన కొట్టు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ మెకానిక్ సంచీ సర్దుకుంటున్నాడు.

"మీరు వెళ్లిన కాసేపటికే ఆగిపోయిందటండీ. హార్డ్ డిస్క్ పోయింది. ఒక్క ఫైలు కూడా రాదు."

పెద్దల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. ఎల్లుండికి ఆరువందల చొక్కాలు కుట్టివ్వాలి. ఇరవై రెండేళ్ల డిజైన్లు ఒక్క పూటలో గాలికి పోయాయి.

భార్య వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె ముఖంలో కంగారే లేదు.

"తిట్టనంటే ఒక మాట చెప్తాను," అంది.

"చెప్పు."

"మీకు గిట్టదని దాచాను గానీ, ఇది మూలగడం మొదలైనప్పట్నుంచీ రోజూ ఆరున్నరకి, కొట్టు మూసేముందు, మన డిజైన్లన్నీ తాళం వేసి మరిది క్లౌడ్‌లోనే పెడుతున్నానండీ."