ఎదురొచ్చిన మనిషి

కట్టంగూర్ దాటగానే కారు వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పాకింది.

నరహరి కారును రోడ్డు పక్కకు లాగి, స్టీరింగ్ మీద రెండు గుద్దులు గుద్దాడు.

మూడు నెలల్లో ఇది నాలుగోసారి. తాత నాటి మగ్గం అమ్మి, కిరాయికి తిప్పుకుందామని కొన్న పాత కారు. నిన్న పరీక్షకు పోయే ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుంటే నార్కట్‌పల్లిలో ఆగింది. వాళ్లు ఏడుస్తూ బస్సు ఎక్కారు. వాళ్ల నాయిన నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. ఇంక ఆ బండి ఎవరెక్కుతారు?

మగ్గం మీద వందసార్లు పోగు తెగినా విసుక్కోకుండా అతికిన మనిషే నరహరి. ఆ ఓపిక మగ్గంతోపాటే పోయినట్టుంది.

పొద్దున్నే బ్రోకరు ప్రాణం తీసి, అమ్మినవాడి నంబరు రాబట్టాడు. కేతేపల్లి సైదులు. ఎన్నడూ మొహం చూసింది లేదు. ఫోను అతని భార్య ఎత్తింది.

"నీ పెనిమిటికి చెప్పు! గట్టుప్పల్ నరహరి వస్తున్నడు. తాళం మొఖాన కొట్టి నా పైసలు కక్కిస్త!"

అని బయల్దేరితే, దారిలోనే ఈ కర్మ.

బానెట్ కూడా తెరుచుకోలేదు. పట్టి గుంజాడు, తిట్టాడు, తన్నాడు.

అప్పుడే ఎదురుగా ఓ మోపెడ్ వచ్చి ఆగింది. అరవై ఏళ్ల మనిషి. మెడలో ఎర్ర తువ్వాల, ముందర తెల్ల నీళ్లక్యాను.

దిగి, బానెట్ ఎడమ పక్క అరచేత్తో ఒక్కటి చరిచాడు. తెరుచుకుంది.

నరహరి రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు. ముసలాయన మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు బిడ్డా! లోపల ఉడుకుతాంది. తీస్తే మొఖం కాలుతది."

"కాలనీ! ఇంకేం మిగిలిందని!"

"చల్లారనీ. జర నీడకు రా."

వేపచెట్టు కింద కూర్చున్నారు గానీ నరహరి నోరు కూర్చోలేదు.

"కేతేపల్లిల సైదులని ఒక దొంగ ఉన్నడు, పెద్దాయినా. బండికి గిట్ల రోగమున్నదని ఒక్కమాట చెప్తే వాని నోటి ముత్యాలు రాలుతుండెనా? నా మగ్గం పాయె, పరువు పాయె. వాడు బాగుపడడు!"

"చెప్పలేదా?"

"చెప్పలే!"

ముసలాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"చెప్పకుంటే తప్పే బిడ్డా."

తువ్వాల మెడలో వేసుకుంటూ అడిగాడు. "పొద్దున ఏమన్న తిన్నవా?"

"కడుపు మండుతాంటే తిండెట్ల దిగుతది?"

బండి చల్లారాక ముసలాయన మూత తీశాడు. నీళ్లు పైదాకా ఉన్నాయి.

"నిండుగనే ఉన్నయ్ గద! మరెందుకు కాగుతాంది?"

"లోపల గాలి ఇరుక్కున్నది. గాలి అడ్డం పడితే నీళ్లెట్ల తిరుగుతయ్?"

ముందు చక్రాలు మట్టిదిబ్బ మీదికి ఎక్కించమన్నాడు. ఇంజన్ ఆన్ చేసి, హీటరు పూర్తిగా తిప్పమన్నాడు.

"గీ ఎండల హీటరా? నన్ను గూడ ఉడకబెడ్తవా?"

"సల్లగాలి వస్తాందా? అయితే గొట్టంల గాలి ఉన్నట్టే."

పై గొట్టం దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి, క్యానులోంచి సన్నటి ధారగా నీళ్లు పోస్తూ గొట్టం పిసికాడు. బుడబుడమని బుడగలొచ్చాయి. బుడగలు ఆగి ఒట్టి నీళ్లు కారేదాకా పిసికి, స్క్రూ బిగించాడు.

కాసేపటికి హీటరు వేడిగాలి నరహరి మొహాన కొట్టింది. ముల్లు మధ్యలో నిలబడింది.

నరహరికి నవ్వొచ్చింది. అంతలోనే సైదులు గుర్తొచ్చాడు.

"గింతే పనా! గిది చెప్పక నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టిండు. ఇప్పుడు అసలే వదల!"

ముసలాయన బానెట్ మూశాడు. బానెట్ మీద పడ్డ నీళ్లు తువ్వాలతో మెల్లగా తుడిచి, క్యాను కారు వెనక సీట్లో పెట్టి, మోపెడ్ ఎక్కి కట్టంగూర్ వైపు పోయాడు.

ఆయన పేరన్నా అడగలేదని నరహరికి నకిరేకల్ దాటాక తట్టింది. అప్పుడు తిట్లు కూర్చుకోవడంలో తలమునకలుగా ఉన్నాడు మరి.

కేతేపల్లిలో ఇల్లు దొరికింది. వాకిట్లోనే గొంతెత్తాడు.

"యాడున్నడు సైదులు?"

సైదులు భార్య సుగుణమ్మ బయటికొచ్చింది. పొద్దున ఫోనెత్తిన గొంతే.

"ఇంట్ల లేడు బిడ్డా. కాళ్లు కడుక్కో, అన్నం పెడ్త."

"తినతందుకు రాలే! రోగమున్న బండి అంటగట్టి చెప్పనన్న చెప్పలే!"

సుగుణమ్మ వింతగా చూసింది.

"రాసిచ్చిండు గద! బండి కాయిదాల కవర్ల పెట్టిండు. చదువలేదా?"

కవరు కార్లోనే ఉంది. బండి పూజనాడు పసుపు కుంకుమ పెట్టి, డాష్‌బోర్డు మీది దేవుడి పటం కింద దాచాడు. పైకి ఆర్సీ కనబడుతోంది, చాలనుకొని విప్పనే లేదు.

విసురుగా వెళ్లి విప్పాడు. ఆర్సీ వెనక గీతల కాగితం, నాలుగు మడతలు.

'బండి కాగితే మూత తియ్యొద్దు. ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టాలె. హీటరు పూర్తిగ తిప్పాలె...'

చివరి వరుస నరహరి రెండుసార్లు చదివాడు.

'బానెట్ రాకుంటే ఎడమ పక్క అరచేత్తోని ఒక్కటి చరువాలె.'

కాగితం పట్టుకొని వాకిట్లోకి తిరిగొచ్చాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"అమ్మా... ఆయన ఎప్పుడొస్తడు?"

సుగుణమ్మ పీట వేసి, ముందు కంచం పెట్టింది.

"నువ్వు తిని పోయినంకనే వస్తనని ఇప్పుడే ఫోన్ చేసిండు బిడ్డా. పొద్దటిసంది ఆకలి మీద ఉన్నవంట, తను ఎదురుంటే నీకు సిగ్గుతోటి ముద్ద దిగదంట."