ఊఁ అంటేనే ముందుకు

ఆఫీసులో అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు. కోడ్ రాసే ఏఐని అదుపులో పెట్టే కొత్త వ్యవస్థను కంప్యూటర్లో ఎక్కించి, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పని ప్రోగ్రామరమ్మ నెత్తిన పడింది. రేపటినుంచి టీమ్ మొత్తం కోడూ దాని చేతుల్లోకే పోతుంది. నియమం ఒక్కటే: ఏఐ తను చేయబోయేది పైకి చెప్పాలి, మనిషి మైకులో ఊఁ అంటేనే చేయాలి.

పరీక్షించడానికి ఆమె నోరు మెదపకుండా కూర్చుంది.

"పాత ఫైళ్లు తీసేయనా?" అంది ఏఐ.

ఏసీ హోరు తప్ప మరో చప్పుడు లేదు.

"సరే, తీసేస్తున్నాను."

ఆమె ఉసూరుమంటూ అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ అదే తంతు. కళ్లు మండుతున్నాయి. ఇంతలో భర్త ఫోన్ చేశాడు.

"ఇంకా అవలేదా?"

"దీని దుంపతెగ, నేను ఊఁ అనకుండానే చేసేస్తోందండీ. కావాలంటే మీరే వినండి."

ఫోన్ బల్లమీద పెట్టి, పరీక్ష మళ్లీ మొదలుపెట్టి, పెదాలు బిగించింది.

"పాత ఫైళ్లు తీసేయనా?"

ఏసీ హోరు.

"సరే, తీసేస్తున్నాను."

"విన్నారా?" అందామె.

"విన్నాను," అన్నాడు భర్త. "మధ్యలో ఊఁ అన్న ఆ పెద్దాయన ఎవరు?"