అద్దాల బీరువా తాళం

లెక్కల పిన్ని లైబ్రరీకి వెళ్ళేసరికి లైబ్రేరియన్ ఎదుట బల్ల దగ్గరున్న ఒక్క కుర్చీలోనూ ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

పిన్ని రొట్టెల సంఘానికి కోశాధికారి. ఓ పాతికమంది ఆడవాళ్ళు కలిసి నడుపుకుంటున్న బేకరీ అది. కూడికల్లో తప్పు రానివ్వదని అందరూ ఆవిడని లెక్కల పిన్ని అంటారు.

ఆవిడకు కావలసిన పుస్తకం పెద్దాయన ముందే ఉంది. సంస్థలు లెక్కలెలా రాయాలో చెప్పే నియమాల పుస్తకం. కొందామంటే ధర చూసి కళ్ళు తిరుగుతాయి. లైబ్రరీలో ఉన్నది ఒకటే. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. అడిగితే తీసిస్తారు గానీ, లైబ్రేరియన్ కళ్ళెదుట ఆ బల్ల మీదే చదవాలి. జిరాక్సు తీయకూడదు, ఫోన్లో ఫొటో తీయకూడదు.

పెద్దాయన పుస్తకం చూడటం లేదు. వచ్చేపోయేవాళ్ళని చూస్తున్నాడు.

"చదువుతున్నారా, కాపలా కాస్తున్నారా?" అని అడిగింది పిన్ని.

ఆయన నవ్వి, కుర్చీ ఆవిడకిచ్చి, తను కిటికీ గట్టు మీద కూర్చున్నాడు.

పిన్ని తొందరకు కారణముంది. ఈ ఏడాది బేకరీకి కొత్త పొయ్యి కొన్నారు. ఖర్చంతా ఈ ఏటి లెక్కలోనే రాసేసరికి సంఘం నిండా మునిగినట్టు తేలింది. ఆదివారం సమావేశంలో మూసేద్దామని సగంమంది పట్టుబడుతున్నారు. బేకరీలో చూస్తే రొట్టెలు వేడి తగ్గకముందే అమ్ముడైపోతున్నాయి. నష్టమల్లా కాగితం మీదే ఉంది.

వెతకగా వెతకగా కావలసిన పేజీ దొరికింది. పిన్ని చదివింది. మళ్ళీ చదివింది. నుదురు చిట్లించింది.

"ఎక్కడ ఆగిపోయారు?" అన్నాడు పెద్దాయన.

"బయల్దేరిన చోటే ఉన్నానండీ. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను. రాసినాయన మధ్యలో ఊపిరి తీసుకున్నాడో లేదో."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

కాసేపటికి పిన్ని మొహం వెలిగింది. "ఇంతేనా బాబాయిగారూ? పొయ్యి పదేళ్ళు రొట్టెలు కాలుస్తుంది. కాబట్టి దాని ఖర్చు మొదటి ఏడాది నెత్తినే రుద్దకుండా పదేళ్ళకీ పంచమంటున్నాడు. ఈ ముక్కకి అరపేజీయా?"

మరోసారి చెప్పమన్నాడాయన. చెవుడు కాబోలనుకుని పిన్ని గొంతు పెంచింది. లైబ్రేరియన్ బల్ల మీద తట్టింది.

పిన్నికి అసలు కోపం తాళం మీద. ఈ పుస్తకం అందరికీ ఊరికే ఇస్తే వీళ్ళ సొమ్మేం పోతుందని గొణిగింది. ఊరికే ఇచ్చేస్తే రాసేవాళ్ళకి జీతాలెవరిస్తారన్నాడు పెద్దాయన. పైగా తెలియనివాళ్ళు చదివితే తప్పుగా అర్థం చేసుకుంటారన్నాడు.

"చదవకుండానే తప్పు చేశాం కదండీ. చదివి చేసుంటే కాస్త పరువైనా దక్కేది." పిన్ని పుస్తకం మూసింది. "రోడ్డు మీద ఎర్ర లైటు పెట్టి, అది చూడ్డానికి టిక్కెట్టు కొనమంటే ఎలా ఉంటుంది? లైటుకి కరెంటు ఖర్చు అందరం కలిసి కట్టుకోవడం లేదూ, రాసేవాళ్ళ జీతాలూ అలాగే కట్టుకుంటాం. పనీపాటా లేకుండా కూర్చునే మీకిది తెలీదులెండి. ఈ తాళం వేయించినాయన్ని ఒక్కరోజు మా బేకరీలో కూర్చోబెట్టాలి."



ఆదివారం సమావేశంలో పిన్ని నియమం చెప్పింది. అది ఎక్కడ రాసుందో చూపించమన్నారు. చూపించడానికి పిన్ని చేతిలో ఏముంది?

దాంతో మర్నాడు బేకరీకి బేకరీ లైబ్రరీ మీద పడింది. అందరూ పిండి మరకల యాప్రాన్లతోనే వచ్చారు. ఒక్కొక్కరే చదవాలనీ, చప్పుడు చేయకూడదనీ లైబ్రేరియన్ షరతు పెట్టింది. వరస మెట్ల దాకా సాగింది. చదివిన ప్రతివాళ్ళూ తెల్లమొహం వేయడం, పిన్ని వంగి చెవిలో పొయ్యి మాట చెప్పడం, ఓహో అంటూ లేవడం. పెద్దాయన ఆ రోజంతా కిటికీ గట్టు దిగలేదు. ఆయన్నెవరూ పట్టించుకోలేదు. ఒకావిడ మాత్రం తన సంచీ పట్టుకోమని ఇచ్చి వెళ్ళింది.

బేకరీ నిలబడింది.

కొన్ని నెలలు గడిచాయి. ఓ పొద్దున పిన్ని కూతురు ఫోన్ తెచ్చి చూపించింది. లెక్కల నియమాలన్నీ ఇకమీదట ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చట. పిన్ని తన పేజీ వెతుక్కుంది. ఆ అరపేజీ వాక్యం లేదు. దాని చోట ఇలా ఉంది: "ఒక పొయ్యి పదేళ్ళు రొట్టెలు కాలుస్తుందనుకోండి. దాని ఖర్చును పదేళ్ళకూ పంచాలి."

అది తన మాటే. పిన్నికి ఒళ్ళు పులకరించింది. లైబ్రేరియన్ కాక ఆ మాట విన్న బయటివాడు ఆ పెద్దాయనొక్కడే. ఆయనే ఎక్కడో ఎవరితోనో చెప్పి ఉంటాడు. పాపం, పనీపాటా లేదని నోరు పారేసుకుంది కూడాను.

వేడివేడి బన్నులు సంచీలో వేసుకుని లైబ్రరీకి పరుగెత్తింది. అద్దాల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ గట్టు ఖాళీగా ఉంది.

"ఆయన ఇక రారండీ" అంది లైబ్రేరియన్. "ఉద్యోగ విరమణ చేసి వాళ్ళమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయారు. మీ మాట వాడుకున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పమన్నారు."

"అయ్యో, ముందే రాకపోతిని. ఆయనకి ఉద్యోగం కూడా ఉందా? ఆ పుస్తకం వేసే ఆఫీసులో గుమాస్తానా ఏం?"

లైబ్రేరియన్ బన్ను తుంచుకుని నింపాదిగా నమిలింది.

"ఆ ఆఫీసుకి పెద్ద ఆయనేనండీ. ఆ అరపేజీ రాసిందీ, దానికి తాళం వేయించిందీ, మీవాళ్ళంతా వరసలో నిలబడి చదివి వెళ్ళాక ఆ తాళం తీయించిందీ ఆయనే."