ఎండలో కళ్ళాపి

వీధులూ వాకిళ్ళూ కరెంటు పుట్టించే అద్దాలయ్యాక, కళ్ళాపి చల్లడం వేకువకే పరిమితమైంది. ఎండకి కాలిన అద్దం చన్నీళ్ళు తగిలితే చీలుతుంది. ఆ అద్దాలు బాగుచేసే హరనాథ్, పెళ్ళైన వారానికే పని మీద పొరుగు జిల్లాకి వెళ్ళాడు. అతని భార్య ప్రసూన అతను విడిచిన చొక్కా ఇంకా ఉతకలేదు.

మిట్టమధ్యాహ్నం ఆమె చెంబుడు నీళ్ళు వాకిట్లో చల్లింది. అద్దం టప్పుమంది. లోపలినుంచి అత్తగారు వచ్చింది.

"ఈ ఎండలో కళ్ళాపేంటమ్మాయ్?"

"మర్చిపోయానత్తయ్యా."

ప్రసూన వెంటనే మొగుడికి వీడియో ఫోన్ చేసి, చీలిక చూపించింది.

"వెంట్రుకంత చీలికకి అక్కడి మనిషే వస్తాడు పిచ్చీ," అన్నాడు హరనాథ్ దిగులుగా. "నన్ను పంపాలంటే అద్దం పలక మొత్తం పగిలిపోవాలి."

"ఎండింకా దిగలేదులెండి," అంటూ ప్రసూన నీళ్ళ బిందె చంకనెత్తుకుంది.