ప్రమీల గొంతు

మందాకిని వస్త్రాలయం పన్నెండు ఊళ్ళలోనూ మూతపడి, వాటి బదులు ఇంటింటికీ చీర కట్టి చూపించే అద్దం వచ్చినప్పటినుంచీ నాంచారమ్మ కడుపుమంట చల్లారలేదు. మందాకిని వాళ్ళ తెనాలి కొట్టులో తనూ ప్రమీలా పక్కపక్కనే నిలబడి చీరలమ్మారు. కంపెనీవాళ్ళు మాత్రం అద్దాలన్నిటికీ ప్రమీల గొంతే పెట్టారు. అందుకే నాంచారమ్మ తమ ఇంటి అద్దం మీద ఎప్పుడూ తువ్వాలు కప్పి ఉంచేది.

ఆ రోజు కోడలు సుభాషిణి, బంధువుల పెళ్ళికి చీర కొనుక్కోవాలని తువ్వాలు తీసింది. అద్దంలో ఆమె ఒంటిమీద మామిడిపండు రంగు చీర మెరిసింది.

"అక్కా, ఈ రంగు మీకోసమే పుట్టింది!" అంది అద్దం.

"ఆ మాట నాది! నా దగ్గర నేర్చుకుంది దొంగమొహంది," అని నాంచారమ్మ పళ్ళు నూరింది.

"అక్కా, ఉన్నావా?" అని మళ్ళీ వినిపించింది.

"కాసేపు నోరు మూసుకో!" అని సుభాషిణి అద్దాన్ని కసిరింది.

పలికింది అద్దం కాదు. గుమ్మంలో ప్రమీల చిన్నబోయి నిలబడి ఉంది.

"ఏ ఇంటికెళ్ళినా ఇదే వరసక్కా. మొహమైనా చూడకుండా నోరు ముయ్యమంటారు."

నాంచారమ్మకు ముందు హాయిగా అనిపించింది, వెంటనే సిగ్గేసింది. లేచి అద్దం మీద తువ్వాలు కప్పేసింది.

"రావే, కూచో. ముందు 'మీకోసమే పుట్టింది' అన్న మాట ఎవరిదో నా కోడలికి నీ నోటితో చెప్పు."