గేటు మీద ఫొటో

పెన్సిలాయన ఆ ముసలావిడ చేతిలోంచి దరఖాస్తు లాక్కున్నాడు.

బెంచీ మీద కూర్చున్న విద్యార్థిని చటుక్కున ఫోన్ తీసి ఫొటో కొట్టింది. దొంగ దొరికాడు!

అది ప్రభుత్వ ఇళ్ళ కేటాయింపు కార్యాలయం. ఆమె పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చదువుతోంది. కౌంటరు దగ్గర ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతోంది, ఎన్ని దరఖాస్తులు తిరిగొస్తున్నాయి అన్నదే ఆమె థీసిస్. వారం రోజులుగా స్టాప్‌వాచ్ పట్టుకుని రాసుకుంటోంది. చెవి మీద పెన్సిల్ పెట్టుకుని క్యూలో అందరి కాగితాల్లోకీ తొంగి చూసే ఈ మనిషి ఆ వారమంతా ఆమెకు కంట్లో నలుసే.

లేచి వెళ్ళి నిలదీసింది.

"మీరిక్కడ ఉద్యోగా?"

"కాదమ్మా."

"మరి రోజూ ఎందుకొస్తున్నారు?"

"చెప్తాను, ఉండు. ఆవిడ నంబరు వచ్చేస్తోంది. అవ్వా, సంతకం అక్కడ కాదు, ఇక్కడ!"

మూడు రోజులు అడిగింది. మూడు రోజులూ ఎవరి నంబరో అడ్డొచ్చింది. కడుపులో కల్మషం లేనివాడు ఇన్నిసార్లు మాట దాటేస్తాడా? దళారే, అనుమానం లేదు.

ఇంట్లో అత్తగారు కూర తరుగుతూ అడిగింది.

"బ్యాంకు ఉద్యోగం మానేసి మరీ చదువుతున్నావు. ఇది పూర్తయితే ఏమవుతావమ్మా?"

"ప్రభుత్వానికి సలహాలిస్తానత్తయ్యా."

"దానికి చదువెందుకే! మన వీధిలో అందరూ ఇస్తూనే ఉన్నారుగా."

ఆమె నవ్వేసింది. కానీ ఆమె సలహాని నిజంగానే విన్నారు. దళారుల్ని తీసేస్తే క్యూ బాగుపడుతుందని రాసిచ్చిన రెండు పేజీలు ఆ కార్యాలయం అధికారికి తెగ నచ్చాయి. నలభై రోజులు ప్రయోగం చేద్దామన్నాడు. ఆమె తీసిన ఫొటో పెద్దది చేయించి, 'ఇతనికి ప్రవేశం లేదు' అని గేటుకి అంటించారు.

తను చదివిన చదువు గేటెక్కడం చూసి ఆమె పొంగిపోయింది.

నలభై రోజుల తర్వాత లెక్కలు చేతికొచ్చాయి.

మునుపు నూటికి పన్నెండు దరఖాస్తులు తిరిగొచ్చేవి. ఇప్పుడు ముప్పై ఎనిమిది. క్యూ వీధిలోకి పాకింది.

గైడ్ మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మందు వేస్తే రోగం ముదిరింది. ఎందుకు?"

"తెలీదు మేడమ్."

"రేపు వైవాలో ఈ మాటే అంటావా? ఎందుకో చెప్పలేకపోతే థీసిస్ వెనక్కే. ఇంకో ఏడాది చదవాలి."

ఇంకో ఏడాది! ఒక్క జీతంతో ఇల్లు నెట్టుకొస్తున్న మొగుడి మొహం గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

వైవా పదకొండింటికి. తొమ్మిదిన్నరకే ఆమె ఆ కార్యాలయంలో ఉంది. కౌంటరు గుమస్తా ఇంకా కుర్చీ దులుపుకుంటున్నాడు.

"ఒక్క మాట చెప్పండి సార్. ఆ పెన్సిలాయన మనిషికెంత తీసుకునేవాడు?"

"తీసుకోవడమా? టీ కూడా తాగేవాడు కాదు."

"మరి ఆ కాగితాలు లాక్కోవడం?"

"తప్పులున్న చోట పెన్సిల్‌తో చుక్క పెట్టేవాడమ్మా. వాళ్ళు దిద్దుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళు. సగం పని ఆయనే చేసేవాడు. ఇప్పుడు చూడండి, నా నడుం విరుగుతోంది."

కారణం దొరికింది! మామూలు కారణమా? ఏ రిజిస్టర్‌లోనూ కనిపించని సాయం, అది పోతే కూలిపోయిన లెక్క. పరీక్షకులు లేచి చప్పట్లు కొడతారు. గబగబా నోట్‌బుక్ తెరిచింది. సిగ్గుపడాల్సిన సమయమే, కానీ సంతోషమే ముందొచ్చింది.

"తప్పులన్నీ ఆయనకెలా తెలుసు?"

"ఒక్కో తప్పుకీ ఒక్కోసారి వెనక్కి వెళ్ళాడు కాబట్టి."

ఆమెకు సరిగా ఎక్కలేదు. గడియారం పది దాటుతోంది.

"ఆయన మాటలు నాలుగు కావాలి సార్. క్షమించమని కూడా అడుగుతాను. ఇల్లెక్కడో చెప్పండి, ఆటోలో వెళ్ళొచ్చేస్తాను."

"ఇల్లా?" గుమస్తా చేతిలో గుడ్డ ఆగిపోయింది. "ఇల్లుంటే ఇక్కడికెందుకొస్తాడమ్మా?"

"అంటే?"

"బావమరిది వసారాలో పడుకునేవాడు. వాళ్ళూ ఈ మధ్య ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు."

గుమస్తా బీరువా లోంచి లావుపాటి ఫైలు తీసి ఆమె ముందు పెట్టాడు. అట్ట మీద పదకొండేళ్ళ కిందటి తేదీ ఉంది.

"పోయిన నెల మంజూరైంది. ముప్పై రోజుల్లో స్వయంగా వచ్చి తాళాలు తీసుకోవాలి. మూడుసార్లు వచ్చాడట, మంజూరు కాగితం కూడా చూపించాడట. దళారులందరి చేతుల్లోనూ కాగితాలుంటాయని వాచ్‌మన్ గేటు దాటనివ్వలేదు. వాచ్‌మన్ నాకు నిన్న సాయంత్రం చెప్పాడు. నిన్నటికే గడువు అయిపోయింది."

"మళ్ళీ తెరిపించలేరా?"

"కొత్తగా పెట్టుకోవాలి. వరుసలో చివర్నుంచి."

బయట క్యూ కదిలింది. ఎవరో నంబరు పిలిచారు. ఆమె ఫైలు తిప్పింది. పదకొండేళ్ళలో పద్నాలుగుసార్లు తిరిగొచ్చిన పద్నాలుగు దరఖాస్తులూ వరుసగా కుట్టి ఉన్నాయి.

చివరి పేజీలో, 'ఇల్లు మంజూరైనది' అన్న ముద్ర కింద, నిన్నటి తేదీతో ఎర్ర సిరాతో రాసి ఉంది: దరఖాస్తుదారు హాజరు కాలేదు.