ఎదురింటి గిన్నె

1983 చలికాలంలో ప్రయాణం మధ్యలో మంచు తుఫాను పట్టుకుంటే, పాపతో డెట్రాయిట్‌లో దీనమణి అక్క అపార్ట్‌మెంట్‌లో ఆగిపోయాను. ఆ బిల్డింగ్‌ని డిజైన్ చేసింది ఒక చిత్రకారుడట. ఒక తలుపులా ఇంకో తలుపు ఉండదు.

అక్క నైట్ డ్యూటీకి వెళ్ళాక పాపకి జ్వరం పెరిగింది. ఏడుపు వినబడిందేమో, ఎదురుగా ఉన్న గుండ్రటి ఆకుపచ్చ తలుపు తీసుకుని ఒక ముసలావిడ వచ్చింది. వేడి సూప్ గిన్నె నా చేతిలో పెట్టి, తిరిగి ఆ తలుపులోకే వెళ్ళిపోయింది. అది తాగాక పాపకి చెమట పట్టి, జ్వరం దిగింది.

తెల్లవారకముందే అక్క వచ్చింది. ఎవరి గిన్నెనూ ఖాళీగా తిరిగివ్వకూడదని అమ్మ చెప్పేది. దారికని తెచ్చుకున్న సున్నుండలు అందులో పెట్టాను.

"ఎవరికే అవి?" అంది అక్క.

"ఎదురింటావిడకి."

"ఎదురిల్లెక్కడుందే? అది ఉట్టి గోడ. తలుపులా పెయింట్ చేశారంతే."

వెళ్ళి తడిమి చూశాను. గోడ నున్నగా, చల్లగా ఉంది. పిడి కూడా రంగే. గభాల్న చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కానీ లోపల పాప హాయిగా నిద్రపోతోంది. గిన్నెని గోడ వారగా పెట్టి, "మీ మేలు మరిచిపోనమ్మా" అన్నాను.

వెనక్కి తిరిగి రెండడుగులు వేశానో లేదో, నా వెనక మెల్లగా గొళ్ళెం తీసిన చప్పుడైంది.